కాలి రెండో వేలు

భ్రమరాంబ చేతికి ఏదైనా కట్టి ఉంచడం బ్రహ్మతరం కాదు. పిండి కలిపేటప్పుడు తీసేస్తుంది, అంట్లు తోమేటప్పుడు తీసేస్తుంది, దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు సరేసరి. తీసి ఎక్కడ పెట్టిందో ఆ దేవుడికే తెలియాలి. కోడలు నీరజ తన ల్యాబు నుంచి తెచ్చి కట్టిన చేతిపట్టీ ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది. ఇంకోటి పెరట్లో జామకొమ్మకి వేలాడుతూ కనిపించింది. మూడోదాని అజాపజా ఇప్పటికీ లేదు.

"అది గడియారం కాదండీ అత్తయ్యగారూ, మీ నెత్తురు చూసే పరికరం," అని నీరజ మొత్తుకునేది.

"చూసింది చాల్లేవే. ఎన్నిసార్లు చూసినా అదే నెత్తురుగా!" అనేది భ్రమరాంబ.

వరండాలో పేపరు చదువుకుంటున్న పేర్రాజు మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూసి నవ్వేవారు. కాకినాడలోనే డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. "అమ్మాయ్, ఊళ్ళో పిల్లలందర్నీ లైన్లో నిలబెట్టాను గానీ మీ అత్తగారిని ఒక్కనాడూ నిలబెట్టలేకపోయాను. నీవల్ల ఏవవుతుంది చెప్పు?" అనేవారు.

నవ్వులాట బాగానే ఉంది కానీ నీరజకి లోపల బెంగగా ఉండేది. అత్తగారికి బీపీ వచ్చి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య పీటమీంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి "అమ్మా" అంటోంది. వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి ఎవరింటి గోడో పట్టుకుని నిలబడిపోతోంది. అడిగితే మాత్రం, గోడకి సున్నం ఎలా వేశారో చూస్తున్నానని బుకాయిస్తుంది.

నీరజ వాళ్ళ ల్యాబులో కనిపెట్టింది సరిగ్గా ఈ సంగతే. ఒంట్లో కండ కదిలినప్పుడల్లా నెత్తురులోకి ఒక పదార్థాన్ని వదులుతుంది. దాని అసలు పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది కాబట్టి అందరూ దాన్ని 'ఊతం' అనేవారు. ఏళ్ళ తరబడి బీపీ ఉన్న పెద్దవాళ్ళలో సన్నటి రక్తనాళాలు బిరుసెక్కిపోయి ఈ ఊతం పారే దారి ఇరుకైపోతుంది. ముందు నెత్తురులో ఊతం తగ్గుతుంది, ఆ తర్వాత కొన్నాళ్ళకి కాళ్ళలో సత్తువ తగ్గుతుంది. పట్టీ చేసే పనల్లా చర్మంమీంచే ఊతాన్ని కనిపెట్టి, అది తగ్గినప్పుడు లోపలికి కాస్త వెచ్చదనం పంపి నాళాలు సడలేలా చెయ్యడం. అయితే అది రాత్రీ పగలూ ఒంటిమీద ఉండాలి. అక్కడే వచ్చింది చిక్కు. పట్టీ కట్టించుకున్న ఆడవాళ్ళంతా భ్రమరాంబ అప్పచెల్లెళ్ళే. ఒక్కరి చేతికీ పూట నిలిచేది కాదు.

ఒకరోజు పొద్దున్న నీరజ పెరట్లోకి వెళ్ళేసరికి భ్రమరాంబ మెట్టుమీద కూర్చుని మడమలు రాయితో తోముకుంటోంది. రెండో వేళ్ళకి ఉన్న వెండి మెట్టెలు అరిగిపోయి దారంలా ఉన్నాయి.

"ఇవి ఎప్పుడైనా తీశారా అత్తయ్యగారూ?"

"ఛ, అవేం మాటలే! పీటలమీద మీ మావయ్య పెట్టినవి. అరిగితే మార్చడమే గానీ తియ్యడమేవిటి?"

నీరజ అక్కడే నిలబడిపోయింది. గుండెకి ఒంట్లో అన్నిటికంటే దూరం కాలివేలే. నీళ్ళు చాలని వీధిలో ఆఖరి ఇంటి కుళాయే ముందు ఎండిపోతుంది, ఊతం తగ్గిన సంగతి ముందు తెలిసేదీ అక్కడే. అక్కడ మన ఆడవాళ్ళు జన్మలో తియ్యని నగ ఒకటి ఉండనే ఉంది. చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కేసి ల్యాబుకి వెళ్ళిపోయింది పిచ్చిపిల్ల.

"పట్టీ కాదండీ, మెట్టె చేద్దాం," అంది మీటింగులో. "మన ఆడవాళ్ళు ప్రాణం పోయినా మెట్టెలు తియ్యరు."

డైరెక్టరు రంగనాయకులుగారు బల్లమీద చెయ్యి చరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పుకున్నారు. ఒంటికి అలవాటయ్యాక మెట్టె ఉన్నట్టుండి తీసేయకూడదు. వాడుతున్న బీపీ మాత్ర టక్కున ఆపేస్తే ఒళ్ళు ఎలా ఎదురు తిరుగుతుందో ఇదీ అంతే. నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. "ఎలాగూ ఎవరూ తియ్యరుగా, ఇక మనకి భయమేముంది?" అన్నారు రంగనాయకులుగారు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తెలుగువాళ్ళే. అందరికీ తల్లులున్నారు, మేనత్తలున్నారు. అయినా ఎవరికీ తట్టలేదు, చదువులు అలాంటివి మరి.

మొదటి జత భ్రమరాంబకే వచ్చింది. పెట్టే పని పేర్రాజు మాస్టారిదే కావాలని నీరజ పట్టుబట్టింది. ఆయన గొంతుకు కూర్చుని భార్య కాలు తన మోకాలిమీద పెట్టుకున్నారు.

"ఈసారైనా వేలు ముడుచుకోకు. ఆ రోజు పీటలమీద నువ్వు వేలు ముడిచేస్తే మా బావమరుదులంతా పగలబడి నవ్వారు."

"మీ చేతులు వణికాయి గానీ నేనెక్కడ ముడిచాను? అబద్ధాలకి అంతుండాలి!"

"వణికాయా? సరే, వణికాయే అనుకో," అని నవ్వుతూ మెట్టె ఎక్కించారాయన. భ్రమరాంబ ముఖం అటు తిప్పుకుంది. నీరజ చూడకూడనిది చూసినట్టు వంటింట్లోకి తప్పుకుంది.

ఆ తర్వాత సంగతి చెప్పాలా! పండగలు ఒకటి రెండు గడిచేసరికి భ్రమరాంబ చెయ్యి ఆనించకుండా పీటమీంచి లేస్తోంది. జగన్నాథపురం వంతెన దాటి వెళ్ళి చేపలు తనే బేరమాడి తెచ్చుకుంటోంది. ఎప్పుడు చూసినా కాలికి బలపం కట్టుకుని తిరగడమే. సాయంత్రం షికారులో మాస్టారే వెనకబడి, "ఏమేవ్, కాస్త ఆగు, డ్రిల్లు మాస్టారి పరువు తీస్తున్నావు!" అని అరవాల్సి వచ్చేది.

ల్యాబులో గోడకి పెద్ద తెరమీద జిల్లా పటం ఉండేది. మెట్టెలు పెట్టుకున్న ప్రతి ఆవిడా అందులో ఒక పచ్చచుక్క. సామర్లకోటలో, పిఠాపురంలో, తునిలో, మండపేటలో చుక్కలు మినుకుమినుకుమంటుంటే నీరజకి కడుపు నిండినట్టుండేది. అక్కడక్కడ కొన్ని చుక్కలు మాత్రం ఉన్నట్టుండి ఆరిపోయేవి.

"బ్యాటరీలు మేడమ్," అనేవాడు పరికరాలు చూసే ప్రభుదాసు. నీరజ ఆ బ్యాటరీలు చేసినవాళ్ళని ఫోన్లో చెడామడా తిట్టేది.

"ఆరినవి పక్కన పెట్టి చూడండమ్మా, మన ఫలితం మేలిమి బంగారం," అనేవారు రంగనాయకులుగారు. పక్కన పెట్టి చూశారు. బంగారమే.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే కాఫీ చల్లారిపోతోందని భ్రమరాంబ వరండాలోకి వెళ్ళింది. పేర్రాజు మాస్టారు పేపరు ఒళ్ళో పెట్టుకుని పడక్కుర్చీలో వాలి ఉన్నారు. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. ఆయన పక్కనే నేలమీద కూర్చుని, వేలాడుతున్న ఆయన చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. కొడుకు కామేశ్ వచ్చి చూసేదాకా అలాగే ఉంది.

ఇల్లు జనంతో నిండిపోయింది. మాస్టారి అక్క సీతారత్నాన్ని ఇద్దరు పట్టుకుని ఆటోలోంచి దించారు. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ ఆ రెండు వీధులూ నడిచి చాలా ఏళ్ళయింది. ఆవిడా బీపీ మనిషే, మోకాళ్ళు ఎప్పుడో పట్టేశాయి. ఎప్పుడో నడివయసులోనే భర్త పోయాడు. ఊళ్ళో బంధువులందరికీ ఆవిడంటే హడల్, మాట అంటే మాటే.

భ్రమరాంబ ఏడవలేదు. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, పెడితే రెండు ముద్దలు తిన్నది. నీరజ సెలవు పెట్టి ఆవిడ పక్కనే ఉంది. ఫోన్లో అత్తగారి చుక్క చూస్తే ఊతం రోజురోజుకీ దిగిపోతోంది. దుఃఖం కూడా నెత్తురులో కనబడుతుందని నీరజకి అప్పుడే తెలిసింది. మెట్టెలు మాత్రం తమ పని తాము చేస్తున్నాయి. కాళ్ళు ఒత్తే నెపంతో వేళ్ళు ముట్టుకుంటే వెచ్చగా తగిలేవి. ఈ పూట ఈవిడ్ని నిలబెడుతున్నవి అవే అనుకుని నీరజ దణ్ణం పెట్టుకుంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం. నీరజ వంటింట్లో అరటికాయలు తరుగుతోంది. గుమ్మం అవతల పక్కింటి శేషమ్మగారు సీతారత్నంతో మాట్లాడుతోంది.

"రేపు తెల్లవారకుండానే కానిచ్చేస్తే మంచిది రత్నంగారూ. మీ చేత్తోనే తియ్యాలి, మీకంటే పెద్దవాళ్ళెవరున్నారు? పుణ్యస్త్రీలు ఎదురుగా ఉండకూడదు. నీరజా, నువ్వు లోపల గదిలో తలుపేసుకుని ఉండమ్మా."

"ఏం తియ్యాలండీ?" అంది నీరజ కత్తిపీట మీంచి తలెత్తకుండానే.

"అదేవిటమ్మా కొత్తగా అడుగుతావు? నల్లపూసలు, గాజులు, మెట్టెలు."

నీరజ చేతిలోంచి కాయ జారి నేలమీద పడింది. ప్రాణం పోయినా తియ్యరని మీటింగులో చెప్పింది తనే. ఎవరి ప్రాణం అని అప్పుడు ఒక్కరూ అడగలేదు, తనూ అడగలేదు. పటంమీద ఆరిపోయిన చుక్కలు ఒక్కొక్కటీ కళ్ళముందు కదిలాయి.

కొంగుతో చేతులు తుడుచుకుని పెరట్లోకి పరిగెత్తి ప్రభుదాసుకి ఫోన్ చేసింది. "ఆరిపోయిన మెట్టెలవాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చెయ్యి. బ్యాటరీ మాటెత్తకు. ఇంటాయన ఎలా ఉన్నారని అడుగు, అంతే."

చాలాసేపటికి అతను తిరిగి చేశాడు.

"ఒక్కరి ఇంటాయనా లేరు మేడమ్."

"మరి ఆ ఆడవాళ్ళు?"

"తునిలో చంద్రకాంతమ్మగారని... మెట్టెలు తీసిన నెలలోపే మంచమెక్కారట. పిఠాపురం ఆవిడ కర్ర లేకుండా అడుగెయ్యరు. అందరిళ్ళలోనూ ఒకటే మాట మేడమ్, ఆయన పోయిన బెంగతో కాళ్ళు పడిపోయాయి అని. వాళ్ళంతా బెంగే అనుకుంటున్నారు."

నీరజ పంపు పక్కన చతికిలబడింది. చీర తడిసిపోతున్నా తెలియలేదు. బెంగ కాదు. తను పెట్టిన ఊతాన్ని పదోరోజున ఒక్కసారిగా లాగేశారు. లాగినవాళ్ళకి తెలియదు. తెలియాల్సిన తను బ్యాటరీలవాళ్ళని తిడుతూ కూర్చుంది. చేతులు కాలాక ఇప్పుడు ఏ ఆకులు పట్టుకోవాలి?

కామేశ్‌కి చెప్పింది. "అమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్పబోతే ఏడ్చేస్తాను," అన్నాడు.

నీరజ వెళ్ళి అత్తగారి కాళ్ళదగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. రేపు ఇవి తీస్తే మీరు లేచి తిరగలేరు, బతిమాలుకుంటున్నాను, వద్దనండి అంది.

భ్రమరాంబ కోడలి తల నిమిరింది. "నీ తాపత్రయం నాకు తెలుసే. కానీ తీసెయ్యనీ."

"అత్తయ్యగారూ!"

"నడిచి ఎక్కడికెళ్ళాలే నేను? వంతెన దాటి వెళ్తే వెనకనుంచి 'ఏమేవ్' అని పిలిచేవాడు లేడు. చేప తెస్తే ముల్లు తీసి పెట్టమనేవాడు లేడు. ఈ గోడ చాలు నాకు."

మర్నాడు చీకటి విడుతుండగా సీతారత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి భ్రమరాంబ గదిలోకి తెచ్చారు. శేషమ్మగారూ ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళూ వెనకే వచ్చారు. నీరజ తలుపేసుకోలేదు సరికదా, వచ్చి అత్తగారి కాళ్ళకి అడ్డంగా కూర్చుంది.

"నీరజమ్మా, ఇదేం పనమ్మా! నీ పసుపుకుంకాలకి మంచిది కాదు," అంది శేషమ్మగారు హడిలిపోయి.

"నా పసుపుకుంకాల సంగతి నేను చూసుకుంటానండి. ఈ మెట్టెలు మాత్రం తియ్యనివ్వను."

"నోరు మూసుకోండి అందరూ," అంది సీతారత్నం. "నువ్వు చెప్పవే పిల్లా. ఎందుకు తియ్యకూడదు?"

నీరజ చెప్పింది. ఊతం గురించి, ఆరిపోయిన చుక్కల గురించి, తునిలో మంచంమీదున్నావిడ గురించి, బెంగ అనుకుంటున్న పిల్లల గురించి. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "తప్పు ఆచారానిది కూడా కాదు రత్నమత్తయ్యగారూ, నాది. మెట్టె చేద్దామన్నది నేనే. తీసే రోజు ఒకటొస్తుందని నాకు తట్టలేదు."

సీతారత్నం మరదలి కాళ్ళవైపు చూసింది.

"నాకూ బీపీయేగా," అంది. "నా కాళ్ళు పోతున్నాయని నీకు తెలుసుగా. ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ నన్ను దించి ఎక్కించింది నువ్వేగా. మరి నాకెందుకివ్వలేదే?"

నీరజ నోరు తెరిచింది. ఏమని చెబుతుంది? మెట్టెలున్నవాళ్ళకి మాత్రమే మెట్టెలిచ్చారు. అసలు లేనివాళ్ళు వాళ్ళ పటంలోనే లేరు. ఆరిపోయిన చుక్కలయినా ఉన్నాయి గానీ, సీతారత్నంలాంటివాళ్ళకి చుక్కే పెట్టలేదు.

"చెప్పలేవులే. నాకు తెలుసు," అంది సీతారత్నం. ఆ గొంతులో కోపం లేదు, అదే నీరజని ఎక్కువ కోసింది. "నావి తీసిన రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు. కూర్చోమంటే కూర్చున్నాను. తర్వాత పెళ్ళికి వెళ్ళొద్దన్నారు, పేరంటానికి వెళ్ళొద్దన్నారు, ఎదురు రావద్దన్నారు. వెళ్ళడానికి చోటే లేకపోతే కాళ్ళెందుకు అనుకున్నాను. అవీ అలాగే అనుకున్నట్టున్నాయి."

సీతారత్నం తన చేతులు ముందుకి చాపి చూసుకుంది. "తియ్యాల్సింది ఈ చేతులేగా? ఇవి తియ్యవు. శేషమ్మా, ఇక లేవండి, వెళ్ళి వంటల సంగతి చూడండి."

పెద్దావిడ తియ్యనన్నాక ఇంకెవరు ముట్టుకుంటారు? శేషమ్మగారు గొణుక్కుంటూ లేచింది. మిగిలినవాళ్ళు ఆవిడ వెనకే వెళ్ళిపోయారు.

అప్పుడు భ్రమరాంబే ముందుకి వంగి మెట్టెకోసం చెయ్యి చాపింది. "ఎవరూ తియ్యకపోతే నేనే తీసుకుంటాను వదినా. ఆయనే లేకపోయాక నేనెక్కడికి నడుస్తాను?"

సీతారత్నం ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా ఇంటికి," అంది.

"ఆఁ?"

"మా ఇంటికి నడువు. రెండు వీధులు. వాడు బతికున్నప్పుడు రోజూ సాయంత్రం షికారు పేరుతో వచ్చి నా గుమ్మంలో కూర్చుని వెళ్ళేవాడు, నీకు తెలుసుగా. ఈ పది రోజులనుంచీ ఆ గుమ్మం చూళ్ళేకపోతున్నాను భ్రమరా. నేను రాలేను. నువ్వు రా."

భ్రమరాంబ ఆడపడుచు ముఖంలోకి చూసింది. మాస్టారి ముక్కే, మాస్టారి గడ్డమే. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. చిన్నపిల్లలా వదిన ఒళ్ళో తలపెట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. సీతారత్నం ఏడుస్తూనే ఆవిడ వీపు నిమిరింది. నీరజ ఇద్దరి పాదాలూ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

గాజులూ నల్లపూసలూ భ్రమరాంబ ఆ సాయంత్రం తనే తీసి బీరువాలో పెట్టుకుంది. మెట్టెలు ఉంచుకుంది. ఊళ్ళో అనేవాళ్ళు అన్నారు, కొన్నాళ్ళకి వాళ్ళకీ విసుగొచ్చింది.

సెలవు అయ్యాక నీరజ ల్యాబుకి వెళ్ళి మీటింగు పెట్టించింది. పచ్చచుక్కలన్నీ తెరమీంచి తీసేసి ఆరిపోయినవి మాత్రమే ఉంచింది. బంగారమని మురిసిపోయిన ఫలితంలోంచి పక్కన పెట్టింది వీళ్ళనే అని చెప్పింది. రంగనాయకులుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మా అమ్మకీ బీపీయేనమ్మా. ఇంట్లోనే ఉంటుంది. ఆవిణ్ణి ఎందుకు చేర్చలేదా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాన్నగారు లేరుగా మరి," అన్నారు.

నీరజా ప్రభుదాసూ ఆరిపోయిన ఇళ్ళన్నిటికీ వెళ్ళారు. కొందరు మళ్ళీ పెట్టించుకున్నారు, కొందరు గుమ్మంలోంచే వద్దన్నారు. తునిలో చంద్రకాంతమ్మ మంచంమీదే ఉంది, చాలా సన్నటి మనిషి. నీరజ తప్పంతా ఒప్పుకుని చెబుతుంటే కూతురు మొహం చిట్లించుకుని వింది. చంద్రకాంతమ్మ మాత్రం నీరజ చెయ్యి పట్టుకుంది.

"అయితే బెంగ కాదా అమ్మా?"

"కాదండీ. ఊరికే బెంగ ఒక్కటే కాదు."

"నేను చెబితే ఎవరూ నమ్మలేదు. ఆయన మీద బెంగతో లేవట్లేదనుకున్నారు. నాకు లేవాలనే ఉండేదమ్మా. కాళ్ళే రాలేదు." కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మెట్టె పెట్టినా ఆవిడ పూర్తిగా లేస్తుందన్న మాట నీరజ ఇవ్వలేకపోయింది. అయినా పెట్టింది. తిరిగొచ్చే దారిలో ప్రభుదాసు జీపు నడుపుతుంటే కాకినాడ వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

ల్యాబులో కొత్తరకం చేశారు. మెట్టెలా కనిపించకుండా సాదా రింగులా, బొటనవేలికి పట్టేటట్టు. మగవాళ్ళూ పెట్టుకోవచ్చు, ఎవరైనా పెట్టుకోవచ్చు. మొదటి జత చిన్న డబ్బాలో పెట్టుకుని నీరజ ఒక సాయంత్రం సీతారత్నం ఇంటికి వెళ్ళింది. భ్రమరాంబ అప్పటికే అక్కడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. రోజూ వస్తోంది. ఒక్కోరోజు దారిలోనే కళ్ళు తుడుచుకుని వస్తోంది, కానీ వస్తోంది.

"రత్నమత్తయ్యగారూ, మీకోసం తెచ్చాను. ఆలస్యమైంది, క్షమించండి. వెంటనే పరిగెత్తలేరు. ఎంతవరకు లేవగలరో కూడా నేను చెప్పలేను."

"పరుగు పందేలకి ఎవరు పిలిచారే నన్ను? వరండా చివరిదాకా వెళ్ళి వీధి చూస్తే చాలు." సీతారత్నం కాలు ముందుకి జరిపింది. నీరజ నేలమీద కూర్చుని ఆ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. చల్లగా ఉంది. రింగు బొటనవేలి దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది.

"ఎక్కడ పెడుతున్నావు?"

"బొటనవేలికండి. ఇక్కడైతే ఎవరూ ఏమీ అనరని..."

"అనేవాళ్ళ కోసం పెడుతున్నావా, నా కోసం పెడుతున్నావా?"

నీరజ తలెత్తింది. ఎన్నడూ ఎవరికీ లొంగని ఆ ముఖంలో ఏదో బెరుకు, కొత్త పెళ్ళికూతుళ్ళ ముఖాల్లో ఉండేలాంటిది.

"పక్క వేలికి పెట్టు," అంది సీతారత్నం మెల్లగా. "ఇన్నేళ్ళనుంచీ బోసిగా ఉన్నది ఆ వేలే."

భ్రమరాంబ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. నీరజ రింగుని కాస్త నొక్కి సన్నం చేసి రెండో వేలికి ఎక్కించింది, తర్వాత రెండో కాలికి. వదలలేక కాసేపు ఆ పాదాలని అలాగే పట్టుకుంది.

"వెచ్చగా ఉందే!" అంది సీతారత్నం. ఆవిడ చీర కుచ్చిళ్ళు పాదాలమీదికి జారాయి. ఆవిడ ఒంగి, వాటిని కాస్త పైకెత్తుకుని మళ్ళీ చూసుకుంది.